ఆ రోజు మిల్లుకి వెళ్ళిందెవరు

"ఇంట్లో చొప్ప కోసే మిషన్లో చెయ్యి పడిందని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుందిరా అల్లుడూ?" బుల్లయ్య గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"మనింట్లో గేదె లేదు మామయ్యా. గేదే లేనోళ్ళకి చొప్పమిషనెందుకని ఎవడన్నా అడిగితే నువ్వొచ్చి చెప్తావా?" అన్నాడు చైతన్యకృష్ణ.

"ఆ తిక్క సమాధానాలే వద్దనేది. ఆస్పత్రి ఖర్చంతా మిల్లువాళ్ళే పెట్టుకున్నారా లేదా? పైన ఇంకా ఇస్తామంటున్నారా లేదా? కాగితం మీద మీ ఆవిడ వేలిముద్ర వేస్తే అయిపోయేదాన్ని కోర్టుదాకా లాగుతానంటావేంటి?"

వేలిముద్ర అనగానే వసారాలో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. లోపల గదిలో మంచం మీద కూర్చున్న అతని భార్య శ్రీరమ్య ఇంటర్ పాసైన పిల్ల. కాపరానికి వచ్చిన కొత్తలో రేషన్ కార్డులో పేరెక్కించడానికి సచివాలయానికి వెళ్తే, ఆమె గుండ్రటి సంతకం చూసి అక్కడి అమ్మాయి ముచ్చటపడింది. ఇప్పుడా చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

వంటింట్లో పప్పు ఎనుపుతున్న నాగజ్యోతి ఆగి వింటోంది. ఈ ఇంటికి ఆమె పెద్దకోడలు. భర్త కోటేష్ పోయాక ఆమెనీ, గుంటూరు హాస్టల్లో చదువుకుంటున్న కూతుర్నీ నిలబెట్టింది పత్తి నుంచి గింజలు వేరుచేసే ఆ జిన్నింగ్ మిల్లు పనే. అక్కడి ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి బుల్లయ్య. అత్త సుబ్బరావమ్మకి స్వయానా తమ్ముడు. కోటేష్ దినాలు అయ్యీ అవగానే వచ్చి, "ఏడుస్తూ కూర్చుంటే పొయ్యి వెలగదమ్మా" అని ముఠాలో చేర్చుకున్నది ఆయనే.

ఆ ముఠాకి ఒక కట్టుబాటుంది. మిషను దగ్గర ఎవరి చోటు వాళ్ళది. రాలేని రోజున మనిషికి మనిషిని పెట్టాలి. చెల్లెలో, కూతురో, పక్కింటి పిల్లో, ఎవరైనా ఫరవాలేదు. వచ్చిన మనిషి రాని మనిషి పేరు మీద పని చేస్తుంది, హాజరు కూడా ఆ పేరుకే పడుతుంది. మనిషిని పెట్టకపోతే చోటు పోతుంది. ముఠాలో ఇలా చెయ్యని ఆడది లేదు, ఇది తప్పేమో అనుకున్న ఆడదీ లేదు.

నెల కిందట అలాగే నాగజ్యోతి చోటులోకి శ్రీరమ్య వెళ్ళింది. ఒక్క రోజుకని వెళ్ళి, తోటికోడలి పేరు మీద తన కుడిచెయ్యి పోగొట్టుకుని వచ్చింది.

"మెల్లగా మాట్లాడరా తమ్ముడూ. లోపల పిల్ల వింటుంది," అంది సుబ్బరావమ్మ.

"విననీ అక్కా. నేనేమన్నా దానికి శత్రువునా? కేసంటూ పెడితే పేరు కాని మనిషిని లోపలికి తెచ్చింది మేస్త్రేనని మిల్లువాళ్ళు నన్ను ముందుకు తోస్తారు. నీ తమ్ముడు ఈ వయసులో జైలుకి పోతే నీకు సమ్మతమా?"

సుబ్బరావమ్మ తమ్ముడి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "ఇంతా అయ్యాక ఎవర్నని ఏం లాభం? చేతులు కాలాక ఆకులు..." అని మొదలెట్టి నాలిక కరుచుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో ఇదే తంతు. చెయ్యి రాని మాట మాట్లాడటం ఎంత కష్టమో వాళ్ళకి ఇప్పుడే తెలిసొస్తోంది.

చైతన్యకృష్ణ లేచి నిలబడ్డాడు. "నేను గుంటూరు లాయరుతో మాట్లాడేశాను. ఆర్నెల్లనుంచీ శ్రీరమ్య ఆ మిల్లులోనే చేస్తోందని రాస్తాడంట. వచ్చినదాంట్లో మూడోవంతు ఆయనకి. రేపు తీసుకెళ్ళి కాగితాల మీద వేయించుకొస్తా."

"ఎవరి చేత వేయిస్తావు?"

గడప దగ్గర శ్రీరమ్య నిలబడి ఉంది. కట్టు కట్టిన చేతిని పైటకొంగు కింద దాచుకుంది.

"నీ చేతే. ఇంకెవరి..." చైతన్యకృష్ణకి కూడా మాట మధ్యలోనే ఆగిపోయింది.

"బాబాయిగారు చొప్పమిషనంటారు. నువ్వు ఆర్నెల్లంటావు. జరిగింది జరిగినట్టు ఎవరికీ అక్కర్లేదు," అంది శ్రీరమ్య. "నేను మిల్లు కాగితం మీదా వెయ్యను, లాయరు కాగితం మీదా వెయ్యను. అసలు చట్టంలో నాకేముందో ముందు నాకు తెలియాలి. లాయరు సంగతి ఆ తర్వాత."

"చట్టం నీకెవరు చెప్తారే?" అంది సుబ్బరావమ్మ.

"పర్చూరు కోర్టులో చెప్తారంట అత్తయ్యా. ఆడవాళ్ళకి డబ్బు తీసుకోకుండానే సలహా ఇస్తారని ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది." అని వంటింటి వైపు తిరిగింది. "అక్కా, నువ్వు తోడు రా."

మొగుణ్ణి పిలవలేదు, అత్తని పిలవలేదు. నాగజ్యోతి పప్పుగుత్తి పక్కన పెట్టి సరేనంది.

*

తెల్లారి శ్రీరమ్యకి తల దువ్వి జడ వేసింది నాగజ్యోతి. జాకెట్టు హుక్కులు పెట్టింది. అది శ్రీరమ్య స్వయంగా కుట్టుకున్న జాకెట్టు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు వేసుకునేవి ఆమె కుట్టినవే. ఇప్పుడా కుట్టుమిషను మీద ఎవరో దుప్పటి కప్పేశారు. ఎవరు కప్పారని ఎవరూ అడగలేదు.

"బిగుతయిందా?"

"లేదక్కా."

శ్రీరమ్య తిట్టి ఉంటే నాగజ్యోతికి కాస్త తేలికయ్యేది. దుమ్మెత్తిపోసినా పడేది. ఈ నెల్లాళ్ళలో ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు ఆ పిల్ల, అదే భరించడం కష్టంగా ఉంది.

నెల కిందటి ఆ రోజు కళ్ళంలో మిరపకాయ ఆరబోసి ఉంది. చైతన్యకృష్ణ కౌలుకి వేసిన కాయ, ఏడాది కష్టమంతా అక్కడే పరిచి ఉంది. పొద్దున్నే మబ్బు పట్టింది. కాయని కుప్పచేసి పట్టాలు కప్పాలి. శ్రీరమ్యకి మిరప ఘాటు పడదు, కళ్ళంలో అడుగు పెడితే చాలు దగ్గుతో ఊపిరాడదు. "పెద్దది కళ్ళంలో ఉండనీ, మిల్లుకి చిన్నది వెళ్తుంది, ఒక్క రోజేగా" అంది సుబ్బరావమ్మ. సరేనంది నాగజ్యోతి. సరేనంది శ్రీరమ్య కూడా. కాయ మీద చినుకు పడకుండా కాపాడారు. తీరా ఆ మబ్బు కురవకుండానే ఎటో పోయింది.

పర్చూరు ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దారిపొడుగునా కళ్ళాలే. ఎండిన కాయ ఘాటు రోడ్డు మీదికొచ్చేసరికి శ్రీరమ్య ఎడంచేత్తో పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయింది. కొంగు జారిపోయింది. నాగజ్యోతి అందుకుని పట్టుకుంది, ఊరొచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

*

కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసలహా గదిలో ఉన్న లాయరమ్మ పేరు ఫిజా. చిన్న వయసే. చెప్పినదంతా అడ్డు రాకుండా విని, "వకాల్తా మీద ఎక్కడైనా సంతకం పెట్టారా?" అని మొదటగా అడిగింది.

"లేదు మేడం."

"మంచి పని చేశారు. చాలామంది అన్నిచోట్లా పెట్టేసి చివరికి ఇక్కడికొస్తారు. మీరు నన్నే పెట్టుకోవాలని లేదు. ఎవర్ని పెట్టుకున్నా, మీ సంగతి మీకు తెలిసి వెళ్ళాలి. అడగండి, ఏం తెలుసుకోవాలి?"

శ్రీరమ్య కుర్చీలో కాస్త ముందుకి జరిగింది. "నేను చేసింది ఒక్క రోజు. అది కూడా నా పేరు మీద కాదు. నాకు హక్కుంటుందా?"

"ఎన్నాళ్ళు చేశారని కాదమ్మా. పనిలో ఉండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలిందా అనేదే ముఖ్యం. మిమ్మల్ని మేస్త్రి పెట్టినా ఆ పని మిల్లుది. పరిహారానికి మిల్లు యజమాని బాధ్యుడు. జిన్నింగ్ మిల్లులు సీజను ఫ్యాక్టరీలు కాబట్టి ఈఎస్ఐ ఉండదు. నేరుగా కార్మికశాఖ అధికారి దగ్గరే దావా వెయ్యాలి. దానికి గడువుంటుంది. ఉంది కదా అని కూర్చోకూడదు."

"మా బాబాయిని జైల్లో పెడతారా అండీ? ఆయనే మేస్త్రి," అంది నాగజ్యోతి ఉండబట్టలేక.

"ఇది పరిహారం కోసం వేసే దావా. జైలు కేసు కాదు. కట్టిన డబ్బు మిల్లువాళ్ళు మేస్త్రి దగ్గర రాబట్టుకోవాలని చూడొచ్చు. ప్రమాదం మీద పోలీసులు గానీ, ఫ్యాక్టరీల అధికారులు గానీ ఏం చేస్తారో నేను ఇప్పుడు చెప్పలేను. ఆయనకి అసలు ఇబ్బందే రాదని చెప్తే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది."

"మిల్లువాళ్ళు రాజీ కాగితమంటున్నారు," అంది శ్రీరమ్య.

"అధికారి దగ్గర నమోదు కాని రాజీతో మీ హక్కు పోదు. కానీ ఇంట్లో తెగిందని అందులో మీరే ఒప్పుకుంటే రేపు మీ మాటే మీకు అడ్డం నిలబడుతుంది."

"మా ఆయన మాట్లాడిన లాయరు ఆర్నెల్లుగా చేస్తున్నానని రాస్తాడంట."

ఫిజా తల అడ్డంగా ఊపింది. "నిజం సరిపోయేచోట అబద్ధం దేనికి? ఒక్క రోజు నిజంతో గెలిచేదాన్ని ఆర్నెల్ల అబద్ధంతో ఓడగొట్టుకుంటారు. పరిహారంలో వాటా కూడా అడిగే ఉంటాడు. అలా వాటా మాట్లాడుకోవడం మా వృత్తి నియమాలకే విరుద్ధం. అడిగారంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్యండి."

"దూది అడ్డుపడితే నేనే చెయ్యి పెట్టాను మేడం. నీ తప్పే అంటున్నారు."

"పొరపాటు వేరు, తెలిసి తెలిసి చెప్పినమాట మీరడం వేరు. చెయ్యి పెట్టొద్దని మీకెవరన్నా చెప్పారా? ఎలా తియ్యాలో నేర్పారా?"

"ఎవరూ ఏమీ చెప్పలేదు."

నాగజ్యోతి కిటికీలోంచి బయటికి చూసింది.

ఫిజా పెన్ను పక్కన పెట్టింది. "చిక్కంతా ఒక్కచోటే ఉంది. హాజరులో ఉన్నది మీ పేరు కాదు, నాగజ్యోతి పేరు. శ్రీరమ్య అనే మనిషి మా గేటు లోపలికే రాలేదంటారు మిల్లువాళ్ళు. వచ్చిందని ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి. ముఠాలో వాళ్ళు చెప్తారా?"

"చెప్పరు. అందరూ మనిషికి మనిషిని పెట్టుకునేవాళ్ళే," అంది శ్రీరమ్య.

"ఆ నాగజ్యోతి చెప్తుందా?"

శ్రీరమ్య పక్కకి తిరగలేదు. తల కూడా ఎత్తలేదు.

"నేనేనండి నాగజ్యోతిని," అంది నాగజ్యోతి.

ఫిజా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కాస్త మెత్తగా మాట్లాడింది. "ఆ రోజు మిల్లులో లేనని మీరు చెప్తే దావాకి బలం వస్తుంది. మీ పని మాత్రం పోవచ్చు. పోతే దానిమీదా కొట్లాడొచ్చు, కానీ గెలుస్తారని మాటివ్వలేను. ఇప్పుడే ఔననకండి. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

తిరుగు ఆటోలో ఆలోచించడానికి కావలసినంత దారి ఉంది. నాగజ్యోతి ఆలోచనంతా కూతురి చుట్టూ తిరిగింది. పని పోతే హాస్టలు మానిపించాలి. అత్తగారింట్లో మొగుడు లేని కోడలికి గౌరవం మిగిలేది ఆ వారం కూలీ తెచ్చి చేతిలో పెట్టినన్నాళ్ళే. పక్కన ఇంకో ఆడది, ఇంకా పిల్లల్ని కూడా కననిది, ఎడంచేత్తో ఆటో కమ్మీ పట్టుకుని కూర్చుని ఉంది.

*

ఇంటికొచ్చేసరికి బుల్లయ్య వసారాలోనే ఉన్నాడు. ముఠాలో నాగజ్యోతి పక్క మిషను ఖాజాబీని కూడా వెంటబెట్టుకొచ్చాడు. చైతన్యకృష్ణ స్తంభానికి ఆనుకుని మొహం మాడ్చుకుని ఉన్నాడు. శ్రీరమ్య ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. ఆమెని పలకరించడానికి ఖాజాబీ వెనకే వెళ్ళింది.

"కూర్చో పెద్దమ్మాయ్," అన్నాడు బుల్లయ్య. నిన్నటి అరుపు లేదు, గొంతు దిగిపోయి ఉంది. "మిల్లువాళ్ళు కబురంపారు. ఆ రోజు మిషను మీద ఉన్నది నువ్వేనని చెప్తే చాలంట. నిన్ను తూకం దగ్గర కూర్చోబెడతారంట. సీజనుతో పని లేదు, ఏడాది పొడుగునా పని. నీ బిడ్డ చదువైపోతుంది."

"మరి చిన్నదాని సంగతి బాబాయ్?"

"దానికిచ్చేది ఇస్తారుగా."

"వదినా, నీ ఇష్టం," అన్నాడు చైతన్యకృష్ణ నేల చూపులు చూస్తూ. "నిన్ను బలవంతపెట్టే హక్కు నాకు లేదు."

సుబ్బరావమ్మ వచ్చి పెద్దకోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. "నాకు ఇద్దరూ కావాలే జ్యోతీ. అది నా కోడలు. వీడు నా తోడబుట్టినోడు. నేనేం చెప్పేది? ఆ రోజు దాన్ని పంపమన్నది నేను. మీరంతా నన్నే తిట్టండి, నాకు సమ్మతమే. వీణ్ణి మాత్రం బజారుకీడ్చొద్దు."

నాగజ్యోతి అత్త చేతిని మెల్లగా మోకాలి మీంచి తీసింది.

"నేను ఆ రోజు కళ్ళంలో ఉన్నాను బాబాయ్. మిల్లుకి వెళ్ళింది శ్రీరమ్య. ఎవరడిగినా ఆ నిజమే చెప్తాను."

"నీ మొగుడు పోయిన నాడు నిన్ను ముఠాలో పెట్టుకున్నది నేనమ్మా."

"మర్చిపోలేదు బాబాయ్. చచ్చేదాకా మర్చిపోను."

బుల్లయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. సుబ్బరావమ్మ పెట్టిన కాఫీ గ్లాసు అలాగే వదిలేసి లేచాడు. "అయితే ఇంక రేపట్నుంచి రావద్దమ్మా," అన్నాడు. కోపంతో అన్నట్టు లేదు, ఆ మాట అనాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చినట్టుంది. వాకిట్లో చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

కాసేపటికి ఖాజాబీ కూడా బయటికొచ్చింది. నాగజ్యోతి భుజం మీద చెయ్యేసి, ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్ళిపోయింది. సుబ్బరావమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చైతన్యకృష్ణ వదిన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగి, "వెళ్ళి నీళ్ళు తోడి పెట్టు" అని అతన్ని పెరట్లోకి పంపేసింది. మనసులో ఎన్నాళ్ళుగానో ఉన్న బరువు కొంచెం దిగినట్టే అనిపించింది ఆమెకి. పని పోయింది. పోతే పోయింది. ఆ పిల్ల మొహంలోకి ఇంక చూడగలదు.

దీపాలు పెట్టే వేళకి శ్రీరమ్య దగ్గరికి అన్నం పళ్ళెం తీసుకెళ్ళింది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. శ్రీరమ్య తినలేదు.

"అక్కా, పని పోతుందని తెలిసి కూడా చెప్తానన్నావు. నీ రుణం తీర్చుకోలేను," అంది. "కానీ ఒక్కటి అడగాలి. అక్కడెవరో నలుగురిలో అడగడం కంటే ఇక్కడ నేనడగడం మేలు."

"అడుగమ్మా."

"నీ మిషన్లో దూది అడ్డుపడితే నువ్వెలా తీసేదానివి?"

నాగజ్యోతి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "కర్రతో."

"ఖాజాబీ చెప్పింది. పాత వాళ్ళందరికీ ఎవరి కర్ర వాళ్ళకుంటుందంట. మిల్లువాళ్ళిచ్చింది కాదంట, మీ అంతట మీరు చెక్కించుకున్నవంట. నీది మిషను వెనకాల గోడసందులో పెడతావంట. ఆ రోజు కూడా అక్కడే ఉందంట. నాకు అందేంత దగ్గర్లో."

నాగజ్యోతి పళ్ళెం కింద పెట్టింది.

"ఆ రోజు పొద్దున ఆటో ఎక్కేదాకా ఎన్ని జాగ్రత్తలు చెప్పావక్కా. డబ్బాలో పచ్చడి విడిగా పెట్టానన్నావు. బోరు నీళ్ళు తాగొద్దన్నావు. కొంగు బొడ్లో గట్టిగా దోపుకోమన్నావు. కర్ర సంగతి ఎందుకు చెప్పలేదు?"

మర్చిపోయానమ్మా అనాలి. మబ్బు పట్టి ఉంది, తొందరలో ఉన్నాం, మర్చిపోయాను. ఎవరైనా నమ్మే మాట అది. నెల్లాళ్ళుగా తనకి తాను కూడా అదే చెప్పుకుంటోంది. కానీ ఆటో కదిలేముందు ఆ కర్ర ఆమెకి గుర్తొచ్చింది. పిలిచి చెప్దామని నోటిదాకా వచ్చింది కూడా. ఆ వెనకే ఇంకో మాట వచ్చింది. ఎప్పుడూ నీడపట్టున కూర్చుని కుట్టుకునేది, ఒక్క రోజు చేస్తే తెలుస్తుందిలే కష్టమంటే ఏమిటో. అలా అనుకునేంతలోనే ఆటో వీధి మలుపు తిరిగిపోయింది.

ఆ పిల్లకి చెడు జరగాలని కోరుకోలేదు. ఏ గుడిలోనైనా ప్రమాణం చేస్తుంది. గుర్తు రాలేదని ప్రమాణం చెయ్యడం మాత్రం ఆమె వల్ల కాదు.

శ్రీరమ్య ఆమె మొహంలోకి చూస్తూనే ఉంది. ఆ కళ్ళలో కోపం లేదు. ఏదో ఒక మాట వింటే చాలు, నమ్మేద్దామన్న ఆరాటం ఉంది.

"మర్చిపోయావు కదూ అక్కా?" అంది.

ఇందాక వసారాలో అందరి ముందూ నిజమే చెప్తానన్న నాగజ్యోతికి ఇప్పుడు ఔననడానికీ నోరు రాలేదు, కాదనడానికీ రాలేదు.